పూసలు, చీటీలు, ఒక ఎర్ర వలయం: మంత్ర నియమాలను బల్ల మీదికి తెచ్చిన ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, మా గత ఆటలో విజార్డ్ (మంత్రగాడు) పాత్ర వేస్తున్న మిత్రుడు మూడవ స్థాయికి చేరగానే ఫైర్‌బాల్ ఇక తన చేతికి వచ్చేసిందని సంబరపడ్డాడు. ఫైర్‌బాల్ మూడవ స్థాయి మంత్రం, తాను మూడవ స్థాయి విజార్డ్, కాబట్టి లెక్క సరిపోయిందని అతని వాదన. నిజానికి ఆ మంత్రం అందేది అయిదవ స్థాయి విజార్డ్‌కు. ఆ మాట విని అతడు నిరుత్సాహపడటం సహజమే, అయితే, "స్థాయి అంటే అసలు ఏమిటి?" అని అతడు అడిగినప్పుడు నేను ఒకదానికొకటి పొంతన లేని మూడు జవాబులు చెప్పడం నన్ను ఎక్కువగా బాధించింది. పదేళ్లుగా ఈ ఆట నడుపుతున్నవాడిని, నియమాలు నాకు తెలుసు, కానీ కొత్తవారికి కనిపించేలా వాటిని ఎన్నడూ పేర్చి చూపలేదన్న సంగతి ఆ రోజే తెలిసింది.

అందుకే ఈ పని పెట్టుకున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పులో మంత్రం వేయడానికి పాత్ర ఏమేమి ఖర్చు పెడుతుందో, ఆ ప్రతి ఖర్చుకూ చేతితో పట్టుకోగల ఒక వస్తువును తయారు చేసి, అన్నింటినీ ఒక పెట్టెలో సర్దాలన్నది ఉద్దేశం. ఆధారంగా 2014 నాటి నియమాలనే తీసుకున్నాను, ఎందుకంటే మా బల్ల దగ్గర ఆడేది అవే. వాటిలోని మూల భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కనుక, మూలాన్ని పేర్కొంటూ, ఒక్కొక్క మంత్రానికి చేసే చీటీల మీద మన మాటల్లో తిరగరాసుకోవడానికి అభ్యంతరం లేదు. 2024లో వచ్చిన సవరించిన నియమాలు కొన్ని చోట్ల వేరుగా ఉన్నాయి. అవసరమైన చోట ఆ తేడాను చీటీ వెనుక వైపున రాయాలని నిర్ణయించుకున్నాను.

మొట్టమొదట తేల్చవలసింది ఆ స్థాయి గొడవనే. పాత్రకు స్థాయి ఉంది, పాత్ర ఎంచుకున్న వర్గానికి, అంటే విజార్డ్, క్లెరిక్ (పూజారి) వంటి రకానికి, స్థాయి ఉంది, మంత్రానికి స్థాయి ఉంది, మంత్రం ఒకసారి వేయడానికి చెల్లించే స్లాటుకూ స్థాయి ఉంది. ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఆటగాళ్ల పుస్తకంలోనే ఈ ఆట సృష్టికర్తలలో ఒకడైన గ్యారీ గైగాక్స్ దీనిని ప్రస్తావించి, ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క మాట వాడాలని ముందు అనుకున్నామనీ, అప్పటికే అందరికీ అలవాటైపోయింది కనుక పాత మాటనే ఉంచేశామనీ వివరించాడు. ఆనాడు వదిలేసిన పనిని తెలుగులో చేసుకోవడానికి మనకు అడ్డేమీ లేదు. పాత్రకూ వర్గానికీ "స్థాయి" అనీ, మంత్రానికీ స్లాటుకూ "మెట్టు" అనీ రాయడం మొదలుపెట్టాను. అప్పుడు సూత్రం ఒక్క వాక్యంలో ఇమిడిపోయింది: విజార్డ్, క్లెరిక్ వంటి పూర్తి మంత్రగాళ్లకు ఒక మెట్టు మంత్రం అందాలంటే ఆ మెట్టును రెట్టింపు చేసి ఒకటి తీసివేసినంత స్థాయి ఉండాలి. మూడవ మెట్టుకు అయిదవ స్థాయి, అన్నిటికన్నా పైదైన తొమ్మిదవ మెట్టుకు పదిహేడవ స్థాయి. చీటీలన్నింటి మీదా కుడి మూలన మెట్టు అంకె, దాని కింద చిన్నగా అది అందే స్థాయి రాశాను.

రెండవ వారం: స్లాట్లు

స్లాటు అన్న మాటను తెలుగులోకి తేవాలని రెండు సాయంత్రాలు ప్రయత్నించాను. "గూడు" అంటే ఏదో దాచే చోటులా ఉంది, "అర" అంటే సగం అన్న అర్థం కూడా వస్తోంది. చివరికి స్లాటు అనే ఉంచేశాను. బల్ల దగ్గర అందరూ అనేది అదే.

దానికి వస్తువుగా గాజు పూసలు ఎంచుకున్నాను. చిన్న పూస మొదటి మెట్టు, నడిమి పూస రెండవది, పెద్ద పూస మూడవది. అయిదవ స్థాయి విజార్డ్‌కు నాలుగు, మూడు, రెండు చొప్పున మొత్తం తొమ్మిది పూసలు వస్తాయి. మంత్రం వేస్తే తగిన పూసను తీసి పెట్టెలో వేయాలి, దీర్ఘ విశ్రాంతి తరువాత అన్నీ తిరిగి తీసుకోవాలి. ఇంత సులభమైన ఏర్పాటు తప్పుదారి పట్టదని అనుకున్నాను.

పట్టింది. ప్రతి మంత్రం చీటీకీ పూస పెట్టడానికి గుండ్రటి చోటు గీశాను, చూడముచ్చటగా ఉంటుందని. మా విజార్డ్ ఆ రోజుకు సిద్ధం చేసుకున్న మంత్రాల చీటీలను వరుసగా పరిచి, ఒక్కొక్క చీటీ మీద ఒక్కొక్క పూసను పెట్టి, మ్యాజిక్ మిసైల్ ఒకసారి వేయగానే ఆ చీటీని తిప్పేసి, "ఇది అయిపోయింది" అన్నాడు. తెలియకుండానే నేను చాలా పాత నియమాన్ని తిరిగి తెచ్చాను. 1974లో ఈ ఆట మొదలైనప్పుడు ఏ మంత్రాన్ని ఎన్నిసార్లు వేయదలిస్తే అన్నిసార్లు విడివిడిగా కంఠస్థం చేసుకోవలసి ఉండేది, వేసిన క్షణమే అది మనసులోనుంచి చెరిగిపోయేది. ఈ ఊహ రచయిత జాక్ వాన్స్ 1950 నాటి కథలనుంచి వచ్చింది కాబట్టి ఆ పద్ధతిని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. 2000లో వచ్చిన మూడవ కూర్పులోని విజార్డ్ కూడా అలాగే మంత్రాలను స్లాట్లలో ఒక్కొక్కటిగా నింపుకునేవాడు. అయిదవ కూర్పు ఆ ముడిని విప్పేసింది. ఏయే మంత్రాలు సిద్ధంగా ఉన్నాయన్నది ఒక జాబితా, ఎన్నిసార్లు వేయగలమన్నది మరొక ఖాతా. సిద్ధంగా ఉన్న ఒకే మంత్రాన్ని పూసలు ఉన్నంతవరకూ ఎన్నిసార్లైనా వేయవచ్చు.

తప్పు పూర్తిగా నా బొమ్మదేనా అని ఆలోచిస్తూ అతని పాత్ర పత్రాన్ని మళ్లీ చూశాను. విజార్డ్ సిద్ధం చేసుకోగల మంత్రాల సంఖ్య అతని స్థాయికి తెలివి తేటల సవరణను, అంటే ఆ గుణం బలాన్ని బట్టి పాచికకు కలిపే అంకెను, కలిపినంత. స్థాయి అయిదు, సవరణ నాలుగు, మొత్తం తొమ్మిది. పూసలూ తొమ్మిదే! రెండు వేర్వేరు లెక్కలు యాదృచ్ఛికంగా ఒకే అంకె దగ్గర కలిసినప్పుడు ఎవరైనా వాటిని జతపరచక మానరు. అదే సమయంలో క్లెరిక్ ఆడుతున్న మిత్రురాలికి ఈ భ్రమ కలగలేదు. ఆమె జ్ఞాన సవరణ మూడు కనుక ఎనిమిది మంత్రాలు సిద్ధం చేసుకుంటుంది, పైగా ఆమె ఎంచుకున్న లైఫ్ డొమైన్ వల్ల మరో ఆరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. పద్నాలుగు చీటీలు, తొమ్మిది పూసలు, జతపరచాలన్నా కుదరదు.

చీటీల మీది గుండ్రటి చోట్లను చెరిపేసి, పూసలకు అట్టతో విడిగా ఒక పళ్లెం చేశాను. మెట్టుకొక వరుస, వరుసలో పూసకొక గుంట. పై వరుసలోని పూసతో కింది మెట్టు మంత్రాన్ని వేయవచ్చన్నది చూపడానికి ప్రతి వరుసనుంచి కిందికి బాణం గీశాను. పైకి మాత్రం బాణం లేదు, రెండు చిన్న పూసలు కలిసి ఒక పెద్ద పూస కావు. మూడవ మెట్టు పూసతో మ్యాజిక్ మిసైల్ వేస్తే మూడు మంత్ర బాణాలకు బదులు అయిదు వెళ్తాయి, వాటి సగటు గాయం పదిహేడున్నర. అదే పూసతో ఫైర్‌బాల్ వేస్తే దాని పరిధిలో చిక్కి, తప్పించుకోలేకపోయిన ప్రతి ఒక్కరికీ సగటున ఇరవై ఎనిమిది. అయితే మ్యాజిక్ మిసైల్ గురి తప్పదు, స్నేహితులను కాల్చదు. ఈ పోలికను పళ్లెం అంచున రాశాను, ఎందుకంటే పెద్ద పూసను చిన్న మంత్రానికి ఎప్పుడు ఇవ్వాలన్నదే విజార్డ్ ఆటలో సగం రుచి.

వార్లాక్ అన్న మరో వర్గపు మంత్రగాడి పూసలు వేరు రంగువి కావలసి వచ్చింది. అయిదవ స్థాయిలో వార్లాక్‌కు రెండే స్లాట్లు, రెండూ మూడవ మెట్టువే, చిన్న విశ్రాంతికే తిరిగి వస్తాయి. మిగిలినవారి పూసలతో కలిసిపోతే ఎవరివి ఎప్పుడు తిరిగి వస్తాయో తెలియదు. క్యాంట్రిప్‌లు అనే చిన్న మంత్రాలకు పూసే అక్కరలేదు కనుక వాటి చీటీలను లేత పచ్చ కాగితం మీద ముద్రించాను. అవి బలపడేది పాత్ర మొత్తం స్థాయిని బట్టి, అయిదు, పదకొండు, పదిహేడు స్థాయిల దగ్గర. సోర్సరర్ అన్న ఇంకో వర్గపు మంత్రగాడి పాయింట్లను ఈ పెట్టెలోకి తీసుకురాలేదు. మా బల్ల దగ్గర సోర్సరర్ లేడు, ఉన్నప్పుడు చూసుకుందాం.

మూడవ వారం: చేతులు

మంత్రానికి మూడు రకాల అంగాలు ఉండవచ్చు: ఉచ్చారణ, చేతి కదలిక, పదార్థం. నోటికి సంబంధించిన భాగం తేలికగానే తెమిలింది. నోరు కట్టేసినా, సైలెన్స్ మంత్రం ఆవరించిన చోట నిలబడినా ఉచ్చారణ అవసరమైన మంత్రం పడదు, అంతే. చిక్కంతా చేతులతోనే.

ఒక్కొక్క ఆటగాడికీ అట్టతో రెండు అరచేతులు కత్తిరించి ఇచ్చాను. పాత్ర ఏది పట్టుకుంటే దాని బొమ్మను ఆ అరచేతిలో పెట్టాలి. క్లెరిక్ ఒక చేతిలో గద, మరో చేతిలో పవిత్ర చిహ్నం చెక్కిన డాలు పెట్టుకుంది. తోటివారి పాచికలకు బలం కలిపే బ్లెస్ మంత్రానికి మూడు అంగాలూ కావాలి. దాని పదార్థం కాస్త పవిత్ర జలం. చిహ్నం ఆ పదార్థానికి బదులుగా పనికివస్తుంది, పైగా పదార్థాన్ని అందుకునే చేయే కదలికనూ చేయవచ్చని నియమం అంటోంది. కాబట్టి డాలు పట్టిన చేతితోనే బ్లెస్ వేయవచ్చు. తరువాత ఆమె గాయపడిన తోటివాడికి క్యూర్ వూండ్స్ వేయబోయింది. ఆ మంత్రానికి ఉచ్చారణ, కదలిక మాత్రమే ఉన్నాయి, పదార్థం లేదు. పదార్థం లేదు కనుక పైన చెప్పిన వెసులుబాటు వర్తించదు, కదలికకు ఒక ఖాళీ చేయి కావాలి, ఆమెకు ఖాళీ చేయి లేదు. తక్కువ అంగాలున్న మంత్రానికి ఎక్కువ ఇబ్బంది!

అరచేతి బొమ్మలు లేకపోతే ఈ వింత మాకు కనబడేదే కాదు. నియమాన్ని మూడు సార్లు చదివాను. అక్షరాలా చదివితే వేరే దారి లేదు. గదను జారవిడిచి మంత్రం వేసి, తరువాతి వంతులో వంగి తీసుకోవడం ఒక ఉపాయం, కానీ ప్రతి రౌండులోనూ గదను నేల మీద పడేసే పూజారిని ఊహించుకుంటే నాకు నవ్వు వస్తుంది. వార్ కాస్టర్ అన్న నైపుణ్యం తీసుకున్నవారికి రెండు చేతులూ నిండి ఉన్నా కదలిక సాధ్యమవుతుంది కనుక, ఈ ఇబ్బందిని పూర్తిగా ఎత్తివేస్తే ఆ నైపుణ్యం విలువ కొంత తగ్గుతుంది. అయినా మా పెట్టెలో దీనిని "కావలిస్తే పాటించే నియమం" అని గుర్తు పెట్టి, చిహ్నం పట్టిన చేతితో ఏ మంత్రమైనా వేయవచ్చని మా బల్లకు నిర్ణయించాను. ఒక నియమం ఆటగాళ్లకు ఎంపిక ఇస్తే ఉంచుతాను. గుమాస్తా పని ఇస్తే పక్కన పెడతాను.

ధర రాసిన పదార్థాల విషయంలో మాత్రం రాజీ లేదు. చనిపోయినవారిని బతికించే రివివిఫై మంత్రానికి మూడు వందల బంగారు నాణేల విలువ చేసే వజ్రాలు కావాలి, మంత్రంతో అవి ఖర్చైపోతాయి, ఏ చిహ్నమూ వాటికి బదులు కాదు. చనిపోయి ఒక నిమిషం దాటకముందే వేయాలి కూడా. ఐడెంటిఫై మంత్రానికి వంద నాణేల ముత్యం కావాలి, కానీ అది మిగిలే ఉంటుంది. ఈ రెండు రకాలనూ వేరు చేయడానికి, ఖర్చయ్యే పదార్థం ఉన్న చీటీకి మూల కత్తిరించాను. చేతితో తడిమితేనే తెలుస్తుంది.

నాలుగవ, అయిదవ వారాలు: ఎర్ర వలయం

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఏకాగ్రత వలయం. అది మామూలు ఎర్రని ప్లాస్టిక్ వలయం, పాత్ర బొమ్మ మెడలో వేయవచ్చు, ఒక్కొక్క మంత్రగాడికి ఒక్కటే ఇస్తాను. ఒక్కటే ఇవ్వడమే దాని పాఠం. ఏకాగ్రత అవసరమైన మంత్రం నడుస్తుండగా అలాంటిదే మరొకటి మొదలుపెడితే మొదటిది ఆగిపోతుంది. వాక్యంగా చెప్పినప్పుడు తలలూపి మరిచిపోయినవారు, వలయాన్ని ఒక చీటీ మీదినుంచి మరో చీటీ మీదికి తమ చేతితో మార్చవలసి వచ్చినప్పుడు ఆగి ఆలోచించారు.

అవును, మొదట వలయాన్ని చీటీ మీదనే పెట్టించాను. అది నా రెండవ తప్పు. ఏకాగ్రతలో ఉన్నవారికి దెబ్బ తగిలినప్పుడల్లా దేహదారుఢ్యపు సేవింగ్ త్రో వేయాలి, అంటే ఇరవై ముఖాల పాచికకు ఆ గుణపు సవరణ కలిపి లక్ష్య సంఖ్యను అందుకోవాలి. లక్ష్య సంఖ్య పది, లేదా తగిలిన గాయంలో సగం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మొదటి పరీక్షాటలో క్లెరిక్‌కు నాలుగు దెబ్బలు తగిలాయి, పాచిక వేయాలన్న సంగతి ఒక్కసారి మాత్రమే గుర్తుకు వచ్చింది. వలయం ఆమె చీటీల మధ్య, ఆమె ముందున్న నీళ్ల గ్లాసు చాటున ఉంది. దెబ్బ లెక్కించే నాకు అది కనిపించే మార్గమే లేదు. అందువల్ల వలయం రెండు చోట్ల కనిపించాలని తేలింది. పెద్దది బొమ్మ మెడలో, చిన్నది చీటీ మీద. ఆ మార్పు తరువాత ఒక్క త్రో కూడా మరిచిపోలేదు.

లెక్కలు వేసి చూడటం ఈ వారంలోనే జరిగింది. మా క్లెరిక్ దేహదారుఢ్య సవరణ రెండు. పది లక్ష్యంగా ఇరవై ముఖాల పాచిక వేస్తే ఎనిమిది, ఆపైన ఏది పడినా చాలు, అంటే నూటికి అరవై అయిదు పాళ్లు నిలుస్తుంది. ఒకే పెద్ద దెబ్బలో ఇరవై ఎనిమిది గాయం తగిలితే లక్ష్యం పద్నాలుగు, అవకాశం నలభై అయిదుకు పడిపోతుంది. అదే ఇరవై ఎనిమిదిని ఏడేసి చొప్పున నాలుగు దెబ్బలుగా కొడితే ప్రతిసారీ లక్ష్యం పదే, కానీ నాలుగు సార్లూ గెలవాలి. ఆ అవకాశం నూటికి పద్దెనిమిది పాళ్ల దగ్గర ఉంటుంది. మహాగ్ని గోళం కన్నా గుంపుగా వచ్చి కొరికే చిన్న జంతువులే ఏకాగ్రతకు శత్రువులన్నమాట. ఈ లెక్క చూపించాక, క్లెరిక్ బ్లెస్ వేసిన వెంటనే ముందు వరుసనుంచి రెండు గళ్లు వెనక్కు జరగడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

వలయం మరికొన్ని చోట్ల కూడా అవసరమవుతుందని చదువుతూ పోతే తెలిసింది. ఒక యాక్షన్‌కు (ఒక వంతులో చేసే ముఖ్యమైన పనికి) మించి సమయం పట్టే మంత్రాన్ని వేస్తున్నంతసేపూ ఏకాగ్రత పెట్టాలి. మధ్యలో చెదిరితే మంత్రం విఫలమవుతుంది, అయితే స్లాటు మాత్రం పోదు. క్రతువుగా వేసే మంత్రానికి పూస అక్కరలేదు కానీ మామూలు సమయానికి పది నిమిషాలు అదనం కనుక, అది కూడా వలయాన్ని ఆక్రమిస్తుంది. ఇక మంత్రాన్ని పట్టి ఉంచి, "శత్రువు తలుపు దాటగానే వేస్తాను" అని ఎదురు చూసే పద్ధతి ఉంది కదా, అక్కడ మంత్రం ముందే వేసినట్టు లెక్క. పూస అప్పుడే పోతుంది, పట్టి ఉంచిన శక్తికి ఏకాగ్రత కావాలి. శత్రువు తలుపు దాటకపోతే పూస వృథా.

ఈ నియమం బల్ల దగ్గర చిన్న తగాదాకు దారి తీసింది. బ్లెస్ నడుస్తుండగా క్లెరిక్ మరో మంత్రాన్ని అలా పట్టి ఉంచాలనుకుంది. ఆ రెండవ మంత్రానికి మామూలుగా ఏకాగ్రత అవసరం లేదు కనుక వలయం కదలనక్కరలేదని ఆమె, పట్టి ఉంచడమే ఏకాగ్రత కనుక బ్లెస్ పోతుందని నేను. మూల పాఠం తెరిచి చూస్తే నా మాటే నిలిచింది, కానీ ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. చీటీలో "వ్యవధి" దగ్గర రాసిన ఏకాగ్రత మంత్రానిది. ఎదురు చూడటానికి పెట్టే ఏకాగ్రత ఆ పనిది. రెండూ ఒకే వలయాన్ని కోరుకుంటాయి. దీనికోసం "పట్టి ఉంచాను" అని రాసిన అదనపు చీటీ ఒకటి చేశాను. దానిని వాడాలంటే వలయం దాని మీదికి రావాలి.

చీటీ వెనుక రాయవలసిన తేడాలలో ముఖ్యమైనది స్పిరిచువల్ వెపన్. 2014 పాఠంలో దానికి ఏకాగ్రత లేదు, కాబట్టి బ్లెస్‌తో పాటే నడుస్తుంది. 2024 పాఠంలో ఏకాగ్రత చేర్చారు. మిగిలిన మాటలు దాదాపు అవే అయినా, ఆ ఒక్క మాటతో క్లెరిక్ యుద్ధ పద్ధతే మారిపోతుంది.

ఆరవ వారం: సమయం

యాక్షన్, దానితో పాటు చేయగల చిన్న పని బోనస్ యాక్షన్, ఎదుటివారి చర్యకు అప్పటికప్పుడు చేసే ప్రతిచర్య రియాక్షన్. ఈ మూడింటికీ మూడు రంగుల అట్ట బిళ్లలు చేశాను, వాడినప్పుడు తిప్పేయాలి. బిళ్లలు మామూలుగానే పనిచేశాయి. ఒక్క నియమం మాత్రం వాటిలో ఇమడలేదు. బోనస్ యాక్షన్‌తో ఏ మంత్రం వేసినా, ఆ వంతులో ఇక వేయగలిగేది ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ మాత్రమే. హీలింగ్ వర్డ్ వేసిన క్లెరిక్ అదే వంతులో మరో పూసను ఖర్చు చేసే మంత్రం వేయలేదు, తన యాక్షన్ బిళ్ల ఇంకా తిప్పకుండానే ఉన్నా సరే. ఆ నిషేధం తన వంతులో రియాక్షన్‌తో వేసే షీల్డ్ వంటి మంత్రానికి కూడా వర్తిస్తుంది. 2024లో దీనిని మార్చి, ఒక వంతులో ఒకే స్లాటు ఖర్చు చేయవచ్చని తేల్చారు. చెప్పడానికి అది ఎంతో సులువు, అయితే మేము పాత పాఠాన్నే వాడుతున్నాం. బోనస్ బిళ్ల వెనుక పచ్చ చుక్క పెట్టాను; బిళ్ల తిరిగి చుక్క కనిపిస్తే పచ్చ చీటీలు, అంటే క్యాంట్రిప్‌లు మాత్రమే.

ఏడవ వారం: ఆకారాలు

మా గడుల పటంలో ఒక అంగుళం అయిదు అడుగులు. ఫైర్‌బాల్ వ్యాసార్ధం ఇరవై అడుగులు కనుక ఎనిమిది అంగుళాల వ్యాసం ఉన్న తీగ చుట్టు చాలు. శంకువు దగ్గర మాత్రం నా పాత అలవాటు అడ్డు వచ్చింది. 2003లో వచ్చిన మూడున్నర (3.5) కూర్పులో శంకువు వృత్తంలో నాలుగవ వంతు, తొంభై డిగ్రీలు. చేయి అలవాటుగా అదే కత్తిరించేసింది. అయిదవ కూర్పులో శంకువు ఏ చోటనైనా మొదలైన బిందువునుంచి ఎంత దూరం ఉంటే అంతే వెడల్పు ఉంటుంది. పదిహేను అడుగుల బర్నింగ్ హ్యాండ్స్‌కు మూడు అంగుళాల ఎత్తు, చివర మూడు అంగుళాల వెడల్పు ఉన్న త్రిభుజం కావాలి; దాని కొన దగ్గర కోణం సుమారు యాభై మూడు డిగ్రీలు. మొదటి అట్టను పారేశాను. ఇన్నేళ్లుగా మా విజార్డ్‌లు తమకు రావలసిన దానికన్నా ఎంత ఎక్కువ నేలను కాల్చారో లెక్క వేయకపోవడమే మంచిది.

ఎనిమిదవ వారం: పూర్తి పరీక్ష

మొత్తం పెట్టెతో మొదటి పూర్తి ఆట. ఎదురుగా మూల నియమాలలోనే ఉన్న మేజ్ అన్న శత్రువు, తొమ్మిదవ స్థాయి మంత్రగాడు, అతని దగ్గర కౌంటర్‌స్పెల్, ఫైర్‌బాల్‌తో పాటు అయిదవ మెట్టు కోన్ ఆఫ్ కోల్డ్ ఉన్నాయి. అతనికీ పళ్లెం, పూసలు, వలయం పెట్టుకున్నాను. ఆట నడిపేవాడు కూడా అవే ఖర్చులు పెడుతున్నాడని కనిపించడం ఆటగాళ్లకు ఎంతో నచ్చింది.

మిగిలిన సమస్య కౌంటర్‌స్పెల్. ఎవరైనా అరవై అడుగుల లోపు మంత్రం వేస్తుండటం కనిపిస్తే రియాక్షన్‌తో దానిని అడ్డుకోవచ్చు. మూడవ మెట్టు, అంతకన్నా తక్కువ మంత్రమైతే తప్పకుండా ఆగిపోతుంది. అంతకు పైదైతే పదికి ఆ మంత్రం మెట్టును కలిపిన లక్ష్యానికి పాచిక వేయాలి. నేను మంత్రం పేరు ముందే చెప్పేస్తే ఎదుటివారు లెక్కలు చూసుకుని నిర్ణయిస్తారు, ఫలితం చెప్పాక అడిగితే ఆలస్యమైపోతుంది. చివరికి, శత్రువు చీటీని బోర్లా పెట్టి, "మంత్రం వేస్తున్నాడు" అని మూడు లెక్కపెట్టేంతసేపు ఆగుతాను. ఆలోపు పూస పడితే కౌంటర్‌స్పెల్ పడినట్టు, చీటీ తరువాతే తిరగబడుతుంది.

మూడవ రౌండులో అలాగే చీటీ బోర్లా పెట్టాను. విజార్డ్ తన పళ్లెంలో మిగిలిన ఒకే ఒక్క పెద్ద పూసను తీసి, క్షణం ఆగి, బల్ల మధ్యలో పెట్టాడు. చీటీ తిప్పితే కోన్ ఆఫ్ కోల్డ్. లక్ష్యం పదిహేను, అతని సవరణ నాలుగు, పదకొండు పడాలి, సరిగ్గా సగం అవకాశం. తొమ్మిది పడింది. పూస పోయింది, రియాక్షన్ బిళ్ల తిరిగింది, పన్నెండు అంగుళాల శంకువు పటం మీద వాలింది. గాయం ముప్పై నాలుగు. విజార్డ్ సేవింగ్ త్రో నెగ్గి సగం, అంటే పదిహేడు మాత్రమే తీసుకున్నాడు. ఓడిన క్లెరిక్‌కు ముప్పై ఎనిమిది ప్రాణాంకాలలో నాలుగు మిగిలాయి, బ్లెస్ నిలవాలంటే పదిహేడు లక్ష్యం, పాచిక మీద పదిహేను, ఆపైన పడాలి. ఎవరూ గుర్తు చేయకముందే ఆమె తన బొమ్మ మెడలోని ఎర్ర వలయాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పాచిక వేసింది. ఆరు. వలయాన్ని తీసి, చీటీ మీది చిన్న వలయంతో కలిపి పెట్టెలో వేసి, తన వంతు రాగానే ఏ చీటీ మీద దానిని మళ్లీ పెట్టాలో చూసుకోవడం మొదలుపెట్టింది.

విజార్డ్ అడిగిన మార్పు ఒక్కటే: పళ్లెం గుంటలు లోతుగా ఉన్నాయి, పూస తీయడానికి గోరు పెట్టవలసి వస్తోంది. పలుచని అట్టతో మళ్లీ చేస్తాను.